x సున్నా కానప్పుడు

మా రాష్ట్ర మాధ్యమిక మూల్యాంకన మండలి వారు సున్నాను కనిపెట్టిన సంవత్సరంలోనే నేనొక అమ్మాయికి సున్నా వేశాను. ఈ రెండూ వేర్వేరు సంఘటనలని మండలి రికార్డుల్లో ఉంది. నాకు తెలిసినంతలో రెండూ ఒకటే.

ఏప్రిల్ నెల. జిల్లా కేంద్రంలోని ఒక హైస్కూల్లో పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దడానికి నూట ఇరవై మందిమి చేరాం. దాన్ని మేమంతా స్పాట్ అంటాం. పొద్దున ఇరవై, మధ్యాహ్నం ఇరవై, రోజుకు నలభై పేపర్లు. పేపరు మీద పిల్లల పేరు ఉండదు, ఒక కోడు నంబరు ఉంటుంది. ఎవరి బతుకు దిద్దుతున్నామో మాకు తెలియకూడదని మండలి వారు చేసిన ఏర్పాటు అది. తెలియకపోవడం నాకూ ఇష్టమే. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ఒక్కడినే ఉంటాను. సాయంత్రాలు మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు చదువుకుంటాను. మనుషుల మీద ఆసక్తి ఉండి, మనుషులంటే భయం కూడా ఉన్నవాళ్ళకు ఆ శాస్త్రం బాగా సరిపోతుంది.

మూడో రోజు మధ్యాహ్నం కట్టలో ఏడో పేపరు. మొదటి బిట్టు, ఒక మార్కు: "(x/x) − 1 విలువ ఎంత?" మాకిచ్చిన కీలో జవాబు 0. అప్పటికి వంద పేపర్లలో ఆ సున్నా చూసి ఉంటాను. ఈ పేపర్లో మాత్రం గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "0. x సున్నా కానప్పుడు మాత్రమే."

నిజమే. సున్నాను సున్నాతో భాగించడం కుదరదు కాబట్టి x సున్నా అయితే ఆ ప్రశ్నకు విలువే లేదు. ఆ సంగతి నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ నల్లబల్ల మీద రాయలేదు.

ఆ క్షణంలో నాలో జరిగినదాన్ని తర్వాత చాలాసార్లు విప్పి చూసుకున్నాను. ముందు వచ్చింది మెచ్చుకోలు. అది అర సెకను ఉంది. దాని వెనకే చిన్నది, వేడిది, ఇంకొకటి వచ్చింది. నేను బట్టలు మార్చుకుంటుండగా ఎవరో తలుపు తీసినట్టనిపించింది. కీలో ఈ మాటలు లేవు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. అది గుండ్రంగా, చాలా బాగా వచ్చింది.

మిగతా పేపరంతా దిద్దాను. వంద మార్కుల పేపర్లో ఆ పిల్ల ముప్పై అయిదు మార్కులకే రాసింది. ప్రతి లెక్క పక్కనా ఎక్కడ ఏది సున్నా కాకూడదో, ఏది రుణసంఖ్య కాకూడదో రాసుకుంటూ పోయింది. టైమంతా దానికే అయిపోయినట్టుంది, ఆపైన పేజీలు ఖాళీ. రాసినవన్నీ రైటే. నేను కొట్టేసిన మార్కు పోగా ముప్పై నాలుగు. పాస్ కావాలంటే ముప్పై అయిదు. కట్టలో మిగిలిన పేపర్లు కూడా దిద్ది పెన్ను కింద పెట్టేలోపే, కూడికలు చూసే స్పెషల్ అసిస్టెంటు కట్ట లాక్కుని, అన్నీ సరిచూసి, మూట కట్టించేశాడు.

మర్నాడు పొద్దున్నే చీఫ్ ఎగ్జామినర్ ఓబులేసు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన నాకన్నా పదేళ్ళు సీనియర్, మంచి మనిషి, టీ తాగుతున్నాడు.

"ఏం నీలకంఠప్పా, ఒక మార్కు కోసరం పొద్దున్నే వచ్చినావా? ఆ సున్నా తెలిసి వేసినావా, తెలీక వేసినావా?"

"తెలిసే వేశాను సార్."

"అయితే చిక్కే. తెలీక వేసింటే పొరపాటు. పొరపాటుకు ఫారం ఉంది. తెలిసి వేస్తే అది నిర్ణయం. నిర్ణయానికి ఫారం ల్యాదు."

"తెలియక వేశానని రాసిస్తాను."

"ఇప్పుడే గదా నాకు తెలిసి వేసినానని చెప్పినావు. నేను విన్న్యా. ఇంగ నేనెట్ల సంతకం పెట్టేది?" ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పోనీ, మండలికి ఒక నోటు రాయి. చదివితే చదువుతారు, లేకుంటే ల్యా."

నేను నోటు రాశాను. రెండే వాక్యాలు. ఒక సరైన జవాబుకు నేను సున్నా వేశాను, దయచేసి ఆ మార్కు ఇవ్వండి అని మొదటిది. కీలో ఉన్న సున్నాకు ఒక షరతు ఉంది, అది కీలో రాయలేదు అని రెండోది. మండలిలో రెండో వాక్యమే చదివారు.

పదిహేను రోజుల్లో ఫలితాలు వచ్చాయి. వాటి వెనకే సర్క్యులర్ వచ్చింది.

"మండలి పరిధిలో జారీ అగుచున్న సున్నాలలో గుప్త షరతులు దాగియున్నట్లు దృష్టికి వచ్చినందున, ఇకమీదట ఏ పత్రమునందైననూ, ఏ అధికారియైననూ, సున్నా వేసిన యెడల సదరు సున్నాకు వర్తించు షరతును దాని క్రిందనే స్పష్టముగా వ్రాయవలెను. షరతు లేని సున్నా చెల్లదు." కింద సంయుక్త కార్యదర్శి పరాంకుశరావు గారి సంతకం ఉంది.

మంచిదే కదా అనుకున్నాను. అలా అనుకున్నవాళ్ళలో నేను మొదటివాడినని తర్వాత నా మీద వచ్చిన ఒక మెమోలో రాశారు.

సున్నా అనేది లెక్కల పుస్తకాల్లో కన్నా ఆఫీసుల్లో ఎక్కువగా ఉంటుందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. ప్రతి హైస్కూలూ నెలనెలా మండలికి పంపే నివేదికలో ఇరవై ఆరు గళ్ళుంటాయి. వాటిలో ఇరవై గళ్ళు సున్నాలే. హెడ్మాస్టర్లు సర్క్యులర్ ప్రకారం షరతులు రాయడం మొదలుపెట్టారు. భయంతో రాశారు, అందువల్ల నిజాలు రాశారు.

"కాపీ కేసులు: 0. స్క్వాడ్ జీపు రానప్పుడు మాత్రమే."

"పనిచేయని ఫ్యాన్లు: 0. కరెంటు లేని వేళలు లెక్కలోకి తీసుకోనప్పుడు."

"భోజనం మీద ఫిర్యాదులు: 0. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి నా బీరువాలో ఉన్నంతవరకు."

"బడి మానేసిన పిల్లలు: 0. హాజరుపట్టీలో పేర్లు కొట్టేయనంతవరకు."

ఒక హెడ్మాస్టరు మాత్రం పట్టుదల మనిషి. 5 − 5 = 0 కి షరతేమిటని మండలినే అడిగాడు. దానికి షరతు లేదు, అది ఎప్పుడూ సున్నాయే. కానీ షరతు లేని సున్నా చెల్లదని సర్క్యులర్‌లో ఉంది. మండలి వారు వారం ఆలోచించి జవాబిచ్చారు: "అట్టి సందర్భములలో 'షరతులు: 0' అని వ్రాయవలెను." ఆయన అలాగే రాశాడు. రాశాక చూస్తే అందులో ఇంకో సున్నా ఉంది. దానికింద మళ్ళీ 'షరతులు: 0' అని రాశాడు. ఆ నివేదిక నాలుగు పేజీలు అలాగే కిందికి దిగి, అయిదో పేజీలో ఆయన సెలవు దరఖాస్తుగా మారింది.

మండలిలో షరతుల విభాగం పెట్టారు. పదకొండు పోస్టులు. విభాగం వారి మొదటి నివేదికలో "ఖాళీ పోస్టులు: 0. భర్తీ చేసినప్పుడు" అని ఉంది.

మొదటి నెల నివేదికలన్నీ ఒకచోట పేర్చి చూసుకున్నాక పైవాళ్ళకు కంగారు పట్టింది. అంతవరకు రాష్ట్రంలో లేని సమస్యలన్నీ సున్నాల కింద వరసగా నిలబడి ఉన్నాయి. మొదటి సర్క్యులర్‌ను రద్దు చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. కాబట్టి రద్దు చేయకుండా రెండోది తెచ్చారు. "గుప్త షరతులు స్వభావరీత్యా గుప్తములు. కావున షరతు వ్రాసిన పిమ్మట దానిపై తెల్లకాగితపు పట్టీ అతికించవలెను. సున్నా కనబడిన ప్రతిచోటా, క్రింద ఏమున్నదీ చూడకుండా, పట్టీ అతికించుట తప్పనిసరి. చూసిన యెడల అది గుప్తము కానేరదు."

ప్రతి ఆఫీసుకూ ఒక గమ్ము సీసా మంజూరైంది.

ఈ గొడవంతటిలో ఆ కోడు నంబరు సంగతి నేను మరిచిపోలేదు. మరిచిపోవడానికి ప్రయత్నించాను. నా పుస్తకాల ప్రకారం మరుపు మనం చేసే పని కాదు, మనకు జరిగే పని. అది నాకు జరగలేదు. నాలుగు ఉత్తరాలు రాశాను. చివరికి జూన్ నెలాఖరులో నన్ను విచారణకు పిలిచారు. విచారణ మళ్ళీ అదే హైస్కూల్లో, డ్రాయింగు గదిలో. కోడు నంబరు విప్పారనీ, అభ్యర్థిని కూడా పిలిచారనీ అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

గది బయట బెంచీ మీద తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. అమ్మాయి పేరు మాబున్నీ. సన్నగా ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. తల్లి దస్తగిరమ్మ గుండ్లవంకలో బట్టలు కుడుతుందట. నేనెవరో చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచి, మంచినీళ్ళు ఎక్కడని అడిగాను.

"ఆ మూల కుండ ఉంది సార్" అంది మాబున్నీ. "గ్లాసు లేదు. మా బాటిలు తీసుకోండి."

ఆ బాటిలు నీళ్ళు తాగాను.

లోపల పరాంకుశరావు గారు పెద్ద బల్ల వెనక కూర్చున్నారు. పక్కన గమ్ము సీసాతో అటెండరు. ఆయన గొంతు మెత్తగా, ముద్రించినట్టుగా ఉంటుంది.

"అమ్మాయీ, సదరు జవాబు వ్రాయునపుడు నీ మానసిక స్థితి ఏమిటి?"

మాబున్నీకి అర్థం కాలేదు. "భయంగానే ఉండె సార్. పరీక్ష గదా."

"అది కాదు. షరతు ఎందుకు వ్రాశావు? ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పల్యా సార్. కింద x ఉంది గదా. కింద ఏముందో చూడకుండా పైన కొట్టేస్తే ఎట్ల?" ఆమె తల్లి కేసి చూసి మళ్ళీ అందుకుంది. "మా యమ్మ మిషన్ కుడుతాది. కింద బాబిన్లో దారం అయిపోయినా పైన సూది ఆడుతానే ఉంటాది సార్. పైన చూస్తే కుట్టు పడుతున్నట్లే ఉంటాది. గుడ్డ తీస్తే ఏమీ ఉండదు."

ఇరవై రెండేళ్ళలో నేను చెప్పిన ఏ పాఠంలోనూ ఇంత మంచి ఉదాహరణ లేదు. ఏప్రిల్లో వచ్చిన ఆ చిన్న వేడి మళ్ళీ వచ్చింది. ఈసారి దాన్ని వచ్చేటప్పుడే గుర్తుపట్టాను. గుర్తుపట్టినంత మాత్రాన అది తగ్గదని పుస్తకాల్లో ఎందుకో రాయరు.

పరాంకుశరావు గారు ఫైలు తిప్పారు. "సంతోషం. అయితే ఒక్క విషయం. సదరు ప్రశ్నలో దోషమున్నందున మండలి ఆ ప్రశ్నను రద్దు చేసింది. రద్దయిన ప్రశ్నకు సరైన జవాబు ఉండదు. కాబట్టి సరైన జవాబు వ్రాసినందుకు మార్కు ఇవ్వజాలము. దోషాన్ని గ్రహించక ప్రశ్నను ప్రయత్నించి నష్టపోయిన వారికి మాత్రం ఒక మార్కు పరిహారం ఇవ్వడమైనది."

దస్తగిరమ్మ ముందుకు జరిగింది. "అంటే సామీ, తప్పు రాసిన పిల్లోల్లకంతా మార్కు ఇచ్చినారా?"

"ఇచ్చాము. ఒకటి అని వ్రాసినవారికీ, వంద అని వ్రాసినవారికీ ఇచ్చాము. వారు దోషానికి బలైనారు."

"మా పాప?"

"మీ అమ్మాయి దోషాన్ని గ్రహించింది. కాబట్టి బలి కాలేదు. బలికాని వారికి పరిహారం ఎట్లా ఇస్తాం?"

"ఫెయిలైంది గదా సామీ!"

"అది వేరే కారణం చేత."

"ఏం కారణం?"

"ఒక మార్కు తక్కువైనందున."

దస్తగిరమ్మ గొంతు తగ్గింది. "శనివారం లోపల పాస్ కాగితం తెమ్మన్నారు సామీ, పాలిటెక్నిక్‌లో. పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకునింది. హాస్టల్లో సీటు గూడా ఇచ్చినారు. శనివారం దాటితే ఇంగొకరికి ఇస్తారంట. మళ్ళీ పరీక్ష రాసి పాసయ్యే తలికి అక్కడ చదువులు సగమైపోతాయి. మీరే ఏమన్నా దావ చూపించల్ల."

ఆ రోజు గురువారం.

"దారి ఉంది" అన్నారు పరాంకుశరావు గారు. ఆయన దుర్మార్గుడు కాదు. నిజంగానే దారి వెతికి పెట్టుకుని వచ్చారు. బల్ల సొరుగులోంచి ఒక ఫారం తీశారు. దానిమీద 'స్వీయ అజ్ఞాన ప్రకటన పత్రము' అని ఉంది. "షరతును అర్థం తెలియకుండా, అలవాటు కొద్దీ వ్రాశానని అభ్యర్థిని ప్రకటించిన యెడల, ఆమెను కూడా బలైన వారి జాబితాలో చేర్చవచ్చు. ఈ గడిలో 'సదరు షరతు విషయమై నా అవగాహన' అని ఉంది. అక్కడ సున్నా వేసి సంతకం చేస్తే చాలు. రేపటికల్లా కాగితం చేతిలో ఉంటుంది."

నేను లేచాను. "సార్, ఆ పిల్ల ఎందుకు రాయాలి? ఆ పేపరు దిద్దింది నేను. జవాబు రైటని తెలిసి సున్నా వేశాను. దోషం నాది. అలాగే రాసుకుని మార్కు ఇవ్వండి."

తల్లీ కూతురూ నా వైపు తిరిగారు. వాళ్ళ బాటిలు ఇంకా నా చేతిలోనే ఉంది.

"నీలకంఠం గారూ, మీ ఫారం కూడా సిద్ధంగానే ఉంది" అన్నారు పరాంకుశరావు గారు. "మూల్యాంకనకర్త దోషం అనే గడి. అందులో సున్నా కాకుండా వేరే అంకె వేశారనుకోండి. అప్పుడు మీరు దిద్దిన నాలుగు వందల పేపర్లూ మళ్ళీ దిద్దించాలి. నాలుగు వందల మంది ఫలితాలు నిలిపివేయాలి. ఈ అమ్మాయిది కూడా. సుమారు మూడు నెలలు. మీరు వేయదలచుకున్న అంకె ఏమిటి?"

నేను కూర్చున్నాను. నా దోషం ఒప్పుకుంటే ఆ పిల్ల సీటు పోతుంది. ఒప్పుకోకపోవడమే ఆమెకు మేలు. ఇంత మంచి కారణం నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. బాధపడాల్సిన ఆ క్షణంలో నాకు కలిగింది ఉపశమనం. అది బాధలా కనిపించేట్టు ముఖం పెట్టుకున్నాను.

మాబున్నీ ఫారం చదువుతోంది. ప్రతి గడీ చదివింది. "అమ్మా, నాకు తెలుసు గదా. తెలీదని రాయమంటాండారు."

"రాసెయ్యి పాపా. నీకు తెలిసింది యాడికీ పోదు. సీటు పోతాది."

"సున్నా అని రాస్తే అబద్ధం గదమ్మా."

"సార్ వాళ్ళే రాయమంటాండారు గదా. వాళ్ళకు తెలీదా?"

మాబున్నీ పెన్ను మూత తీసింది. గడిలో గుండ్రంగా సున్నా వేసింది. ఆగింది. పెన్ను ఎత్తబోయి, ఎత్తలేక, దానికింద ఒక వరస రాసి సంతకం చేసింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చదివాను.

"0. ఇలా రాస్తేనే పాస్ చేస్తామన్నప్పుడు మాత్రమే."

పరాంకుశరావు గారు సున్నా వరకు చూశారు. కిందికి చూడకుండా కళ్ళు కిటికీ వైపు తిప్పుకున్నారు. రెండో సర్క్యులర్ రాసింది ఆయనే. అటెండరు తల పక్కకు తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ ఆ వరస మీద తెల్లపట్టీ అతికించాడు. ముప్పై నాలుగు ముప్పై అయిదైంది. దస్తగిరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "అంతేనా సామీ? ఇంగేమీ ల్యాదు గదా?" అని రెండుసార్లు అడిగింది.

"ఇక మీరు" అన్నారు ఆయన నాతో.

నా ఫారం చిన్నది. ఒకే గడి. సున్నా వేశాను. ఏప్రిల్లో వేసినంత బాగా రాలేదు, కొంచెం వంకరగా వచ్చింది. సంతకం చేసి ఫారం ముందుకు తోశాను.

"సార్" అంది మాబున్నీ. తప్పు పట్టినట్టు లేదు. నేను ఏదో వస్తువు మరిచిపోయి లేస్తున్నట్టు మెల్లగా అంది. "మీ దాంట్లో షరతు రాయల్యా."

ఫారం ఇంకా నా వేళ్ళకు అందే దూరంలోనే ఉంది. సున్నా కింద ఒక వరసకు చోటుంది. పెన్ను మూత కూడా పెట్టలేదు. ఏం రాయాలో నాకు బాగా తెలుసు. అది ఏప్రిల్ నుంచీ తెలుసు.

"దీనికి అక్కర్లేదమ్మా" అన్నాను.

ఆమె ఆ సున్నాను, తర్వాత నన్ను చూసింది. తను చదివిన నోటుపుస్తకాల్లో ఏదో పేజీ తిరగేసుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది.

"ఉంటాది సార్" అంది. "కింద చూస్తే కనపడతాది."

తల్లి పిలిచింది. వాళ్ళకు పన్నెండింటి బస్సు ఉంది. బాటిలు తిరిగి ఇచ్చాను. ఖాళీ అయింది.

అటెండరు నా ఫారం దగ్గరికి లాక్కున్నాడు. రూలు ప్రకారం తల పక్కకు తిప్పుకుని, నా సున్నా కింద, ఏమీ రాయని చోట, తెల్లపట్టీ అతికించి అరచేత్తో గట్టిగా అదిమాడు. ఆ ఫారం ఇప్పుడు మండలి ఫైల్లో ఉంది. ఎవరు తెరిచినా దానికింద నేనేదో రాశాననే అనుకుంటారు.